కింద సున్నా ఉంటే చక్కెర

ఒరగడం గెస్ట్‌హౌస్ వంటింట్లో
రెండు డబ్బాలు.
రెండిటి మీదా మొదటి అక్షరం ఒకటే,
రెండు వాసాలు ఒకదానికొకటి ఆనించిన పూరిపాక.
ఆ పాకను నమ్ముకునే అలివేలు
మార్చి నెలలో ఒక ఉదయం
పదకొండు మంది ఇంజనీర్లకు ఉప్పు కాఫీ పోసింది.

ఎవరూ ఏమీ అనలేదట.
పదకొండు మందీ తల వంచుకుని తాగేశారట.
"తిట్టుంటే బాగుండు సారూ" అంది
నా స్టోరు కిటికీ దగ్గర నిలబడి,
పసుపు అంటిన వేళ్ళతో చీటీ మడతపెడుతూ.

నాది సూళ్ళూరుపేట. బిల్లులు రాస్తాను.
కొరియా నుంచి దిగిన సరుకుని
మూత రంగు చూసి లెక్క పెడతాను.
ఆమెది పులియంతోపు. నాలుగు తరాలుగా మదరాసే.
ఇంట్లో తెలుగు, వీధిలో అరవం,
అయిదో తరగతి దాకా బడిలోనూ అరవమే.
తెలుగు ఆమెకు నోట్లో ఉంది.
కంటికి ఎన్నడూ ఆనలేదు.

నేర్పింది రెమీ, మిజోరం పిల్ల.
గదులు తుడుస్తుంది,
సీరియళ్ళు చూసి చూసి ఆ భాష పట్టింది.
పలక లేదు. ఫ్రీజర్ తలుపు లోపల మంచు పొర,
దాని మీద చూపుడువేలు.
నాలుగు గోడల గది అయితే మ.
నిలువు గీతకి కుడివైపు చిన్న పుల్ల పొడిస్తే ఆ.
అడ్డగీత మీద పుల్ల నిలబడితే ఓ,
కింద వేలాడితే ఊ.
కొడవలి వంపు మాట మొదట్లో క, మధ్యలో గ.
"ఇంట్లో ఒక పేరు, పనిలో ఒక పేరు,
నాలాగే" అనుకుందట.
రాసేలోగా చలి పోతుంది, తలుపు మూయాలి,
రెండు ముల్లంగులు తరిగి వచ్చి
మళ్ళీ తెరవాలి.

సున్నా దగ్గర చిక్కొచ్చింది.
నెత్తిన ఉన్నప్పుడు నోరు మెదపదు,
ఊరికే చోటు పట్టుకుని కూర్చుంటుంది.
కిందికి దిగితే ముక్కుతో మూలుగుతుంది.
"మా పెదమామ ఇంతే సారూ,
పంచాయితీలో పైన కూర్చుంటే పలకడు,
మెట్లు దిగాకే సణుగుడు."

డబ్బాలు తేలిపోయాయి.
చివర కింద సున్నా ఉంటే చక్కెర, సొల్‌తంగ్.
గది ఉంటే ఉప్పు, సోగుమ్.
నాకూ చెప్పింది.
మూత రంగులు చూడడం మానేశాను, సగం.

ఒకనాడు రెమీ ఆమె పేరు రాసిచ్చింది.
వాళ్ళకి వే లేదు, బె ఉంది.
ల ఒక్కటి చాలదని రెండయింది.
కూడబలుక్కుంటే అల్లిబెల్లు.
అల్లిబిల్లి ఆటకి ఎవరో పిలిచినట్టు
నవ్వి నవ్వి కొంగుతో కళ్ళొత్తుకుంది
నలభై నాలుగేళ్ళ మనిషి.

మొన్న శనివారం సంచిలోంచి ఇత్తడి చెంబు తీసింది.
అమ్మమ్మది.
మెడ కింద చుక్క చుక్కగా కొట్టిన అక్షరాలు,
చింతపండు పెట్టి తోమి తోమి
సగం అరిగినవి.
ఇన్నేళ్ళూ ముగ్గనుకుందట.
నేను కళ్ళద్దాలు సర్దుకుని నోరు తెరిచాను.

"చెప్పబాక సారూ."

గోరుతో ఒక్కో చుక్కా తడిమింది.
నెత్తిన పిలక ఉన్న గుండ్రాన్ని దాటి
రెండోదాని దగ్గర ఆగింది.
"దీనికి పిలక లేదు. ఉత్త సున్నా.
పలుకుతుందా?"
పలుకుతుంది అన్నాను.
"ముక్కుతోనా?"
ముక్కుతోనే.

పెదవులు కదిలాయి గానీ బయటికి వినపడలేదు.
"మా అమ్మమ్మ రంగమ్మ" అంది, నాతో కాదు.
వ్యాను వాడు హారన్ కొట్టాడు.
మిగతా అక్షరాలు సోమవారానికి బాకీ పెట్టి
చెంబు సంచిలో వేసుకుని పరిగెత్తింది.

ఆ సాయంత్రం ఇండెంటులో
చక్కెర అని రాశాను, నా కోసం, తెలుగులో.
చూస్తే మన చక్కెరకి సున్నా లేదు.
పక్కన ఇరవై కిలోలకి అంకె వేశాను.
అక్కడొచ్చి కూర్చుంది,
నోరు మెదపనిది.